హిరన్ షికార్: గోలీ, నిషానా, వంద గజాల హద్దు



ఈసారి రాసేది మన ఇళ్ళల్లో గుసగుసగా నడిచే మాట. అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లల్లో కొందరు నవంబరు వస్తే షికార్‌కి వెళుతున్నారు. నాకు దగ్గరైన మూడు ఖాందాన్లలో ఇది చూశాను. ఉద్యోగం కుదిరి, ఇల్లు కొని, పిల్లలు స్కూలుకెళ్ళే వయసుకి వచ్చాక పుట్టిన షౌఖ్ ఇది. నారింజ రంగు కోటు తొడుక్కుని, చేతిలో రైఫిల్ పట్టుకున్న ఫొటో ఒకటి వాట్సాప్‌లో ఇక్కడికి వస్తుంది. అమ్మీ "యా అల్లాహ్, వీడికేం తక్కువైంది, గోష్త్ దుకాణాలు లేవా అక్కడ?" అని తల పట్టుకుంటుంది. అబ్బా మాత్రం కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుని, నిజాం జమానాలో దాదాజాన్ అడవికెళ్ళి హిరన్ కొట్టుకొచ్చిన కిస్సా మొదలుపెడతాడు.

ఆ కిస్సాలు నేనూ విన్నాను. వాటిల్లో గోలీ ఎప్పుడూ తగులుతుంది. తగిలిన జానవర్ అక్కడికక్కడే పడుతుంది. కాలికో కడుపుకో తగిలి, చీకట్లో పొదల్లోకి పోయి, తెల్లారేదాకా చావలేక చచ్చిన జింక గురించి ఏ దాదా చెప్పగా నేను వినలేదు. అలాంటివి జరగలేదంటే నమ్మను. మన షికార్ కిస్సాల్లో బహదూరీ ఉంది, హిసాబ్ లేదు. నేనీ రోజు రాసేది ఆ హిసాబ్ గురించే.

ముందొక మాట సాఫ్‌గా చెప్పుకుందాం. ఇక్కడ, మన దేశంలో, జింక వేట నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దాదాజాన్ చేసిన పని ఇప్పుడు ఎవరు చేసినా జైలే. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణ జింక. కనుక అమెరికా సంగతి చదివి ఇక్కడ ఎవరికైనా చెయ్యి దురద పెడితే దయచేసి ఆ ఖయాల్ అక్కడే వదిలెయ్యండి. అక్కడి దస్తూర్ వేరు. తెల్లతోక జింకలు విస్తారంగా ఉన్నాయి. ఏ రాష్ట్రం ఆ రాష్ట్రం లైసెన్సు ఇచ్చి, ఎన్ని కొట్టొచ్చో, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా కొట్టొచ్చో ముందే రాసిపెడుతుంది. విస్కాన్సిన్‌లో తుపాకీ సీజన్ థాంక్స్‌గివింగ్ పండుగకి ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు నడుస్తుంది. షికాగో చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళు ఎక్కువగా అటే పోతారు. ఇల్లినాయ్‌లో జింకకి వాడే రైఫిళ్ళ మీద కట్టుబాట్లు ఎక్కువ. 2023 నుంచి రైఫిల్‌కి ఇజాజత్ ఇచ్చినా అది ఒకే తూటా పట్టే రకానికి, అదీ కొన్ని తూటాలకే. నేను చెప్పబోయే రైఫిల్ అక్కడ జింక మీద పనికిరాదు.

ఆ రైఫిల్ ఏమిటంటే లీవర్ యాక్షన్. కౌబాయ్ సినిమాలు చూసినవాళ్ళకి కొత్త కాదు. ట్రిగ్గర్ చుట్టూ ఇనుప కడియంలా ఒక పిడి ఉంటుంది. దాన్ని కిందికి దించి పైకి లాగితే కాలిన తూటా గుల్ల బయటికి ఎగిరిపడి, కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. జాన్ బ్రౌనింగ్ అనే ఉస్తాద్ రూపకల్పన చేసిన వించెస్టర్ 1894 మోడల్, 1948లో వచ్చిన మార్లిన్ 336, ఈ రెండూ అమెరికా అడవుల్లో తాతల నుంచి మనవళ్ళకి దిగిన సామాను. వీటిల్లో నడిచే మామూలు తూటా పేరు థర్టీ థర్టీ, 1895 నాటిది. నూట ముప్పై ఏళ్ళుగా జింకల మీద పనిచేస్తోంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళకి జవాబు ఆ లెక్కే.

మా ఆపా కొడుకు, నా భాంజా, కొన్నది ఇలాంటిదే. సెకండ్ హ్యాండ్ మార్లిన్. రెండేళ్ళ కింద నేను అక్కడికెళ్ళినప్పుడు వాడి వెంట మూడు రోజులు రేంజ్‌లో కూర్చున్నాను. రైఫిల్ ముట్టుకోలేదు, నోట్‌బుక్ మాత్రం నింపాను. ముట్టుకోకపోవడానికి కారణం భయం కాదు. విజిటర్ వీసా మీద గానీ, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద గానీ ఉన్నవాళ్ళు అక్కడ తుపాకీ, తూటా దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలియక "దోస్త్ గన్నే కదా, ఒక్కసారి కాలుస్తా" అని సరదా పడే పిల్లలు ఉన్నారు. గ్రీన్ కార్డు కోసం పదేళ్ళు సబర్ చేసి ఒక్క సరదాకి పోగొట్టుకోకండి. లైసెన్సు తీసుకోండి, అనుమానం ఉంటే వకీల్‌ని అడగండి, ఆ తర్వాతే రేంజ్.

ఇక గోలీ సంగతి. మనం ఇళ్ళల్లో తూటా, గోలీ, బుల్లెట్ అన్నీ ఒకటే అనుకుంటాం. దుకాణంలో కొనేది తూటా. అందులో ఇత్తడి గుల్ల, అడుగున ప్రైమర్, లోపల బారూద్, మూతి దగ్గర గోలీ ఉంటాయి. జింకని చేరేది గోలీ ఒక్కటే. థర్టీ థర్టీలో దాని వ్యాసం 0.308 అంగుళం. బరువు సాధారణంగా 150 గ్రెయిన్లు గానీ 170 గ్రెయిన్లు గానీ. గ్రాముల్లో చెబితే సుమారు 9.7, 11. అంటే తులం కంటే తక్కువ. అంత చిన్న ముక్క మీద ఒక ప్రాణం తేలిగ్గా పోతుందా, తకలీఫ్‌తో పోతుందా అనేది ఆధారపడి ఉంది.

లీవర్ రైఫిల్‌కి గోలీ ఎంపికలో మిగతా రైఫిళ్ళకి లేని షరతు ఒకటుంది. ఇందులో తూటాలు పెట్టె లాంటి మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి ఉండవు. గొట్టం కిందనే ఇంకో సన్నటి గొట్టం ఉంటుంది. అందులో తూటాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుని ఉంటాయి. వెనక తూటా గోలీ మొన ముందున్న తూటా ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. మొన గట్టిగా, సూదిలా ఉంటే, రైఫిల్ పేలినప్పుడు వచ్చే వెనక్కి తన్నుకి ఆ మొనే ప్రైమర్‌ని పొడిచి పేల్చే ఖతరా ఉంది. ముందు చెయ్యి పట్టుకునేది సరిగ్గా అక్కడే. అందుకే ఈ రైఫిళ్ళకి మొన చదునుగా ఉండే గోలీలే వాడతారు. ఇది అలవాటు కాదు, జాన్ సంగతి. ఇంటర్నెట్‌లో ఎవడో సూదిమొన గోలీ ఎక్కువ దూరం పోతుందన్నాడని ఆ రకం తెచ్చి ట్యూబ్‌లో పెట్టకండి.

2000 తర్వాత హోర్నడీ కంపెనీ దీనికో ఉపాయం కనిపెట్టింది. లెవరెవల్యూషన్ అని పేరు. మొన సూదిగానే ఉంటుంది, కానీ రబ్బరులా మెత్తనిది, నొక్కితే వంగుతుంది. 160 గ్రెయిన్ల గోలీ, సెకనుకి 2400 అడుగుల వేగం. మామూలు 150 గ్రెయిన్ల చదును గోలీ 2390, 170ది 2200. గొట్టం దగ్గర పెద్ద ఫరఖ్ కనబడదు. దూరం పోయేకొద్దీ చదును మొన గాలికి ఎదురీది వేగం పోగొట్టుకుంటుంది, సూది మొన అంతగా పోగొట్టుకోదు. మా భాంజా మొదట అదే కొన్నాడు. "మామూ, దీంతో రెండొందల గజాలు ఈజీ" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో కింద చెబుతాను.

150 మేలా 170 మేలా అన్న బహస్ అక్కడి దుకాణాల్లో మన ఇరానీ హోటల్లో పాలిటిక్స్ లాంటిది, తెగదు. నేను విన్నంతలో, చదివినంతలో, చూసినంతలో నా రాయ్ ఇది: జింకకి రెండూ చాలు. 150 కొంచెం వేగం, కొంచెం నేరుగా పోతుంది. 170 లోతుగా దిగుతుంది. ఈ రెండిట్లో ఏది కొనాలో రైఫిల్‌నే అడగాలి. ఒకే కంపెనీ, ఒకే రైఫిల్ మోడల్ అయినా ఒకటి ఈ గోలీని ఇష్టపడుతుంది, ఇంకోటి ఆ గోలీని ఇష్టపడుతుంది. రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె కొని, కాగితం మీద కాల్చి, ఏది దగ్గర దగ్గరగా పడుతుందో అది ఉంచుకోవాలి. ఒక్కటి మాత్రం ఖాయం. గోలీ మొన దగ్గర సీసం బయటికి కనబడే సాఫ్ట్ పాయింట్ రకమే కావాలి. లోపలికి దిగాక అది పుట్టగొడుగులా విచ్చుకుని ఊపిరితిత్తుల్ని నిలువునా తెంపేస్తుంది. పూర్తిగా రాగి తొడుగు వేసిన మిలిటరీ రకం సన్నటి రంధ్రం చేసి అటునుంచి బయటికి పోతుంది. జానవర్ పరుగెత్తిపోయి గంటల తరబడి బాధపడుతుంది. అందుకే చాలా రాష్ట్రాలు ఆ రకాన్ని జింక వేటలో మనా చేశాయి. చవగ్గా దొరికిందని కొనకండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, నిషానా కూర్చోబెట్టడం. రైఫిల్ కొన్నవాడు మసాలా డబ్బా కొన్నట్టు ఇంటికి తెచ్చి, సీజన్ మొదటి రోజు నేరుగా అడవికి పట్టుకెళితే, వాడికి షికారీ అన్న పేరు నేనివ్వను. సైట్లు ఫ్యాక్టరీలో బిగించారు కదా అంటారు. బిగించిన మాట నిజమే. నీ కంటికి, నీ భుజానికి, నువ్వు కొన్న తూటాకి బిగించలేదు. అందులోనూ సెకండ్ హ్యాండ్ రైఫిల్ అయితే ముందు యజమాని దేనికి సరిచేసుకున్నాడో వాడికే ఎరుక.

ఎలా చేస్తారో చెబుతాను. చదివితే తేలిక, చేస్తే సబర్ పరీక్ష. 25 గజాల దగ్గర మొదలుపెట్టాలి. నేరుగా వంద గజాలకి పోతే గోలీ కాగితాన్నే తాకకపోవచ్చు, ఎటు పోయిందో కూడా తెలియదు, పెట్టె ఖాళీ అవుతుంది. బల్ల మీద ఇసుక సంచీ పెట్టి, చెక్క ముందు భాగాన్ని దాని మీద ఆనించాలి. గొట్టాన్ని ఆనించకూడదు, ఆనిస్తే గోలీ పడే చోటు మారుతుంది. మూడు గోలీలు నిదానంగా కాల్చి, మూడింటి మధ్యకి గుర్తు పెట్టాలి. ఒక్క గోలీ చూసి సైట్ తిప్పడం పని కాదు, ఆ ఒక్కటి మన చెయ్యి వణికి పోయిందేమో తెలియదు. మూడూ ఎడమకి పడితే అప్పుడు తిప్పాలి. వెనక సైట్‌ని గోలీ ఎటు పోవాలనుకుంటే అటే జరపాలి. ముందు సైట్ అయితే ఉల్టా. తర్వాత 50, ఆ తర్వాత 100.

ఎంత జరపాలన్నదే ఆశ్చర్యం. రెండు సైట్ల మధ్య దూరం 17 అంగుళాలున్న రైఫిల్‌లో వెనక సైట్‌ని అర మిల్లీమీటరు జరిపితే 100 గజాల దగ్గర గోలీ సుమారు 4 అంగుళాలు పక్కకి పోతుంది. మా భాంజా చిన్న ఇత్తడి కడ్డీ పెట్టి సుత్తితో టక్‌మని ఒక్క దెబ్బ వేశాడు. గోలీ గుంపు ఈ పక్క నుంచి ఆ పక్కకి దూకింది. కంసాలి చేతి నాజూకు కావాలి.

ఇంకో సంగతి మన వయసువాళ్ళకి. నలభై దాటాక చత్వారం వస్తుంది. వెనక సైట్ మసక, ముందు పూస మసక, దూరాన కాగితం మాత్రం సాఫ్. కంటికి మూడూ ఒకేసారి తేటగా కనబడవు. ముందు పూసని తేటగా చూడటం అసలు సూత్రం, అదే మనకి కష్టం. పైగా మామూలు ముందు పూస 0.09 అంగుళం ఉంటే, 100 గజాల దగ్గర అది తొమ్మిది పది అంగుళాల మేర కప్పేస్తుంది. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎంతని? సుమారు 8 అంగుళాలు. మన ఇంట్లో టిఫిన్ ప్లేటంత. అంటే పూస వెనక అసలు నిషానా మొత్తం మాయమవుతుంది. దీనికి ఇలాజ్ ఉంది. వెనక సైట్ తీసేసి చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ పెట్టించుకోవచ్చు, లేదంటే తక్కువ పవర్ స్కోప్. మార్లిన్ గుల్లల్ని పక్కకి విసురుతుంది కనుక స్కోప్ పైన కూర్చుంటుంది. పాత వించెస్టర్ 94 గుల్లని నేరుగా పైకి విసురుతుంది, స్కోప్ పెడితే దానికే తగులుతుంది. 1980లలో వాళ్ళు దాన్ని పక్కకి మళ్ళించారు. పాతది కొనేవాళ్ళు ఇది చూసుకోండి.

గొట్టం వేడెక్కితే ఈ రైఫిళ్ళు గోలీని కాస్త అటూ ఇటూ వేస్తాయి. గొట్టం, మ్యాగజైన్ ట్యూబ్, చెక్క అన్నీ పట్టీలతో కట్టి ఉంటాయి, వేడికి ఒకదాన్నొకటి లాగుతాయి. కనుక మూడు కాల్చి పది నిమిషాలు ఆగాలి. ఫ్లాస్క్‌లో చాయ్ తీసుకెళ్ళడం దీనికే అని మా భాంజా అన్నాడు. అడవిలో జింక మీద పడేది చల్లని గొట్టంలోంచి వచ్చే మొదటి గోలీ. రేంజ్‌లో ఇరవయ్యో గోలీ ఎక్కడ పడిందని జింక అడగదు. అందుకే వాడికి నేనిచ్చిన సలహా, అక్కడి పెద్ద షికారీలు కూడా అదే చెప్పారు: ఐదు వేర్వేరు రోజులు వెళ్ళు, వెళ్ళగానే చల్లని గొట్టంతో ఒక్క గోలీ అదే కాగితం మీద కాల్చు, ఆ ఐదూ ఎక్కడున్నాయో చూడు. అదే నీ అసలు నిషానా. సీజన్ మొత్తం అదే తూటా, అదే కంపెనీ, అదే బరువు. గోలీ మారిస్తే మళ్ళీ మొదటినుంచీ.

రెండొందల గజాల మాట ఎందుకు నచ్చలేదో ఇప్పుడు. మామూలు చదును గోలీని 100 గజాలకి సరిగ్గా కూర్చోబెడితే, 200 గజాలకి అది ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. ఛాతీకి గురిపెడితే కాలికి తగులుతుంది. 100 దగ్గర రెండు అంగుళాలు పైకి పెట్టుకుంటే 150 దగ్గర సుమారు సరిపోతుంది, 200కి నాలుగైదు అంగుళాలు దిగుతుంది. ఆ కొత్త మెత్తమొన గోలీ పెట్టె చెప్పే లెక్క ప్రకారం 100 దగ్గర మూడు అంగుళాలు పైకి పెడితే 200కి సరిగ్గా వస్తుంది. కాగితం మీద లెక్క సహీ. కానీ విస్కాన్సిన్ అడవిలో జింక కనబడేది ఎక్కువగా చెట్ల మధ్య, అరవై, ఎనభై గజాల్లో. నీ చేతి వణుకు అటూ ఇటూ రెండు అంగుళాలనుకో. దాని మీద ముందే పెట్టుకున్న మూడు కలిస్తే ఐదు. టిఫిన్ ప్లేటు మధ్య నుంచి అంచుకి నాలుగే. ఎప్పుడో వచ్చే రెండొందల గజాల అవకాశం కోసం, రోజూ వచ్చే ఎనభై గజాల దాన్ని పాడుచేసుకోవడం ఇది. అడవిలో వేటాడేవాళ్ళు రెండు అంగుళాలకి మించి పైకి పెట్టుకోవద్దంటాను నేను. పొలాల అంచున, బయలు నేలలో వేటాడే టెక్సాస్‌వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పర్వాలేదు, వాళ్ళకి వేరే రైఫిళ్ళున్నాయి.

ఎవరి హద్దు వాళ్ళే తేల్చుకోవాలి, అందుకు కాగితం ప్లేటే చాలు. బల్ల మీద నుంచి కాదు, అడవిలో కూర్చున్నట్టు నేల మీద కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి ఐదు గోలీలు. ఐదూ ప్లేటులో పడే దూరం ఎంతో అదే నీ హద్దు. నాలుగు పడి ఒకటి తప్పితే వెనక్కి రా. నా భాంజాకి ఆ రోజు 100 గజాల్లో ఐదుకి ఐదు పడ్డాయి, 125లో మూడు. "వంద రాసుకో" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ రైఫిల్ చెక్క మీద తెల్ల టేపు అంటించి 100 అని రాశాడు.

ఇప్పుడు ఆపా ఫోన్లో అడిగిన సవాల్, బహుశా మీలో చాలామంది మొదటి పేరా నుంచే అడుగుతున్న సవాల్: ఆ గోష్త్ హలాలేనా? నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. కానీ మస్లా ఎక్కడుందో చెప్పగలను. దెబ్బ తగిలి చచ్చిన జానవర్ తినకూడదని సూరా మాయిదా మూడో ఆయత్‌లో ఉంది. బాణం మొనతో దిగితే తినొచ్చనీ, అడ్డంగా తగిలి దెబ్బకి చస్తే తినకూడదనీ అదీ బిన్ హాతిం రజియల్లాహు అన్హు గారి హదీసు సారాంశం. బందూఖ్ గోలీ ఈ రెండిట్లో ఏది? హనఫీ ఫిఖ్‌లో ఇబ్న్ ఆబిదీన్ సీసపు గోలీ బలంతో, వేడితో చంపుతుందన్నారు. మన వైపు ఉలమాలు చాలామంది ఆ దారిలోనే, జబహ్ చేసేలోపు ప్రాణం పోతే తినొద్దంటారు. యెమెన్ ఆలిం షౌకానీ గోలీ చీల్చుకుని దిగుతుంది కనుక జాయజ్ అన్నారు. మాలికీల్లో దర్దీర్ రాయ్ కూడా జాయజ్ వైపే. సూదిమొన గోలీ బాణం లాంటిదే కదా అన్న వాదన కూడా ఈ బహస్‌లో వినబడుతుంది. అక్కడే మన లీవర్ రైఫిల్ తకరారు పెడుతుంది, దాని గోలీ మొన చదును. కనుక మీ ఆలిం సాబ్‌ని అడిగేటప్పుడు "బందూఖ్ గోలీ" అని ఊరికే అడగకండి. ఆకారం ఇది, మొన మెత్తని సీసం, లోపలికి దిగి విచ్చుకుంటుంది అని చెప్పి అడగండి. చూపించాలంటే ఫొటో తీసుకెళ్ళండి. అమెరికాలో మసీదుకి జేబులో తూటాతో వెళ్ళిన మనిషి గురించి నేను వార్త రాయాల్సి రాకూడదు.

ఈ మస్లా నుంచి ఒక గలత్ అలవాటు పుడుతోంది. దాని గురించే నాకు ఎక్కువ కోపం. జబహ్‌కి ప్రాణం ఉండాలి కాబట్టి గుండెకి కొట్టకుండా వెనక కాలికో నడుముకో కొట్టి, పడిపోయాక పరుగెత్తి ఛురీ వేద్దాం అనేవాళ్ళున్నారు. ఒకాయన నా ముందే దీన్ని తెలివిగా చెప్పుకున్నాడు. జానవర్‌ని జబహ్ చేసేటప్పుడు కత్తి పదును చెయ్యమని, దానికి ఆరామ్ ఇవ్వమని నేర్చుకున్న ఉమ్మత్ మనది. కావాలని నడుము విరగ్గొట్టి, భయంతో కొట్టుకుంటున్న జానవర్ దగ్గరికి వంద గజాలు పరుగెత్తడంలో ఆరామ్ ఎక్కడుంది? పైగా విరిగిన కాలితో కూడా తెల్లతోక జింక మైళ్ళు పోగలదు. మీ మస్లక్ గోలీతో పోయిన ప్రాణాన్ని ఒప్పుకోకపోతే షికార్ మానెయ్యండి, లేదా కాగితం మీద కాల్చుకోండి. ఒప్పుకుంటే బిస్మిల్లాహ్ చెప్పి సరిగ్గా ఊపిరితిత్తుల్లోకి కొట్టండి, దగ్గరికెళ్ళేసరికి ఇంకా ప్రాణముంటే వెంటనే జబహ్ చెయ్యండి. ఈ రెండిటికీ మధ్యన దారి వెతకడం నాకు జుల్మ్ లాగే కనబడుతుంది.

గోష్త్ ఇంటికొచ్చాక పిల్లల సంగతి ఒకటుంది. సీసం గోలీ విచ్చుకున్నప్పుడు కంటికి కనబడనంత చిన్న ముక్కలు గాయం నుంచి దూరందాకా చెదురుతాయి. 2008లో నార్త్ డకోటా ఆరోగ్య శాఖ, పేదలకి దానంగా ఇచ్చిన జింక మాంసంలో సీసం ఉందని అన్నదాన కేంద్రాల నుంచి దాన్ని తీయించింది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటాలే బంద్. చిన్న పిల్లలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు తినే ఇంట్లో పూర్తిగా రాగితో చేసిన గోలీ వాడమని నా సలహా. థర్టీ థర్టీకి చదును మొనతో 150 గ్రెయిన్ల రాగి గోలీ బార్న్స్ కంపెనీది ఉంది. ధర ఎక్కువ, కానీ ఒక సీజన్‌కి అడవిలో కావలసింది ఎన్ని? మూడో, నాలుగో. రాగికి మారితే నిషానా మాత్రం మళ్ళీ 25 గజాల నుంచి కూర్చోబెట్టాలి. విస్కాన్సిన్‌లో వేటాడేవాళ్ళు జింక తలని రోగ పరీక్షకి ఇవ్వడం కూడా మరవొద్దు. క్రానిక్ వేస్టింగ్ అనే రోగం 2002 నుంచి అక్కడి జింకల్లో ఉంది. రిపోర్టు వచ్చేదాకా గోష్త్ ఫ్రీజర్లోనే ఉండాలి, దావత్‌కి కాదు.

మా భాంజా పోయిన సీజన్‌కి రాగి గోలీలకే మారాడు. ఇరవై తూటాల పెట్టెలు మూడు కొన్నాడు. అరవైలో యాభై రెండు రేంజ్‌లో కాగితం మీదే కాలిపోయాయి. తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు చెట్టు కింద కూర్చున్నాడు. రెండుసార్లు జింక కనబడింది. ఒకటి పరుగులో ఉంది, ఇంకోటి నూట నలభై గజాల దగ్గర ఆగి నిలబడింది. రెండిటి మీదా కాల్చలేదు. ఆపా ఫోన్లో, "అన్ని గోలీలు కొని ఒక్క హిరన్ కూడా తేలేదా రా?" అని నవ్వింది. "టేపు మీద వందే ఉంది అమ్మీ" అన్నాడట. మిగిలిన ఎనిమిది తూటాలు తాళం వేసిన పెట్టెలో ఉన్నాయి. ఈ అక్టోబరులో 125కి మళ్ళీ ప్లేటు పెడతానంటున్నాడు.